రిజర్వాయర్ గట్టున ఒక సెలవు రోజు: గాలంతో బంగారు తీగ, రవ్వు పట్టడం ఎలా

ఆదివారం తెల్లవారకముందే గాలాలు సర్దుకుని డ్యామ్‌కు పోయి, పొద్దుగూకేదాకా కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. అడిగితే ఎర కుదరలేదంటారు. ఫలానావాళ్ళు పిండిలో ఏం కలుపుతారో కనుక్కోవాలంటారు. నేను చెప్పేది వేరు. బంగారు తీగ (కామన్ కార్ప్), రవ్వు (రోహు) లాంటి చేపల్ని రిజర్వాయర్‌లో పట్టాలంటే ఎర మూడో మాట. మొదటి మాట చోటు. రెండోది ఆ చోట మీరు వేసే మేత. ఈ రెండూ కుదిరితే మామూలు గోధుమపిండి ముద్దకే చేప తగులుతుంది. కుదరకపోతే పిండిలో ఎన్ని సుగంధాలు కలిపినా లాభం లేదు.

ఇక్కడ చెప్పేదంతా కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు డ్యామ్‌ను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. మనవాళ్ళు ఎల్ఎండీ అంటారు. 1985లో పూర్తయిన ఈ జలాశయం నిండితే దాదాపు 24 టీఎంసీలు, పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 920 అడుగులు. పైనుంచి మానేరు నీళ్ళు వస్తాయి, శ్రీరామసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్ళూ వస్తాయి. మీ ఊరి దగ్గరున్నది పాలేరు అయినా, వైరా అయినా, శ్రీరామసాగరే అయినా పద్ధతి ఇదే.

ముందు అడగండి

ఈ పని బయలుదేరే రోజు పెట్టుకోవద్దు, వారం ముందే చేయండి. రిజర్వాయర్‌లోని బొచ్చె (కట్లా), రవ్వు, మ్రిగాల చేపలు అక్కడే పుట్టి పెరిగినవి కావు. ఇవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలం వరదకు ఏటికి ఎదురెక్కి గుడ్లు పెట్టే జాతులు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు సూదిమందు ఇచ్చి వీటితో గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతి వల్లే హ్యాచరీల్లో పిల్లలు తయారవుతున్నాయి, చెరువులకూ డ్యాములకూ చేరుతున్నాయి. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. వాటిని నమ్ముకుని బతికేది గంగపుత్రులు, ముదిరాజులు. చేప పట్టే హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది, వాళ్ళ సంఘాలది. సరదా కోసం వచ్చిన మనం వాళ్ళ పొలంలో అడుగుపెడుతున్నట్టే.

కాబట్టి ఒడ్డున పుట్టిని (బుట్టపడవను) బోర్లించి పెట్టి వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషిని చూస్తే దగ్గరికెళ్ళి, "అన్నా, ఒక్క గాలం వేసుకుని కూర్చుంటా, ఎవరినడగాలె?" అని అడగండి. సంఘం పెద్ద పేరు చెబుతాడు. రుసుము అడిగితే కట్టండి. రెండు చేపల కన్నా ఎక్కువ తీసుకుపోనని మీరే ముందుగా చెప్పండి. వాళ్ళ వలలు ఏ వైపు ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. వల దగ్గర గాలం వేస్తే మీ తంగూసూ (గాలానికి కట్టే నైలాన్ దారం) పోతుంది, వాళ్ళ వలా చిరుగుతుంది.

జూలై, ఆగస్టు నెలల్లో వెళ్ళకండి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అభయారణ్యం హద్దులోని నీళ్ళ జోలికి ఏ నెలలోనూ పోవద్దు. సంగారెడ్డి దగ్గర మంజీరా రిజర్వాయర్ అలాంటిదే, పైగా అందులో మొసళ్ళున్నాయి.

ఏ చేప ఎక్కడ మేస్తుంది

నోరు చూస్తే చాలు, చేప ఎక్కడ మేసేదీ తెలిసిపోతుంది. బొచ్చెకు పెద్ద తల, పైకి తిరిగిన కింది దవడ, మీసాలు ఉండవు. నీటి పైపొరల్లో సూక్ష్మజీవులను మొప్పలతో వడకట్టుకుని తింటుంది. రవ్వుకు, అంటే కోస్తాలో శీలావతి అనేదానికి, పెదవుల అంచు కుచ్చులా ఉంటుంది. అది నడిమి నీళ్ళలో తిరుగుతుంది, అయినా మేత దొరికితే అడుగుకూ దిగుతుంది. మ్రిగాలది, అంటే ఎర్రమోసుది, కిందికి వాలిన నోరు. నేలనంటుకునే మేస్తుంది.

బంగారు తీగది అన్నిటికన్నా వేరే తీరు. మూతికి రెండు జతల మీసాలుంటాయి. మూతిని గొట్టంలా ముందుకు చాచి బురదను పీల్చి, తినేది మింగి మిగతాది ఉమ్మేస్తుంది. నురగ బుడగలు చిన్నచిన్నవి గుంపుగా ఒకచోట పైకి వస్తున్నాయంటే కింద అది నేలను తవ్వుతోందని గుర్తు. ఇది బయటి నుంచి తెచ్చిన జాతే అయినా నిలవ నీళ్ళలోనే గడ్డికి గుడ్లు అంటించి పెంపు చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీన్నే గురిగా పెట్టుకోవాలని నా సలహా. ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, చలికాలంలోనూ మేస్తుంది, ముద్దను ధైర్యంగా తీసుకుంటుంది. బొచ్చె కోసం బెండు కట్టి పైనీళ్ళలో ఎర నిలపడం వేరే విద్య, దాన్ని ఇక్కడ కలపను.

చోటు వేసవిలోనే చూసిపెట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు వెనక్కి తగ్గి శిఖం భూమి, అంటే డ్యామ్ నిండినప్పుడు మునిగే నేల, బయటపడుతుంది. ఒక సాయంత్రం అక్కడ నడవండి. డ్యామ్ కట్టకముందటి పొలం గట్లు, పాత బండ్లబాట, చెట్ల మొదళ్ళు, రాళ్ళ కుప్పలు, వాగు పారిన దారి, అన్నీ కంటికి కనబడతాయి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ప్రతి ఫొటోలో ఒడ్డున ఉన్న కదలని గుర్తు, తాటిచెట్టో గుడిగోపురమో కరెంటు టవరో, పడేటట్టు తీయండి. ఆరు నెలల తర్వాత ఆ నేల మీద ఎనిమిది, పది అడుగుల నీళ్ళుంటాయి. అప్పుడు ఆ తాటిచెట్టు వైపు చూసి గాలం విసిరితే, పాత వాగు అంచు మీద పడుతుంది.

ఎందుకంటే చేప నీళ్ళలో ఎటుపడితే అటు తిరగదు. లోతుకూ మెరకకూ మధ్య దానికి దారులుంటాయి. పగలు వాగు గుంతలో ఉండి, పొద్దున, సాయంత్రం దాని అంచు వెంట మెరకకు వచ్చి మేస్తుంది. గట్టి నేల, మెత్తటి బురద కలిసే చోట పురుగులూ నత్తలూ ఎక్కువ. మునిగిన పొలం గట్టు పక్కన ఎప్పుడూ ఏదో ఒకటి మేస్తూనే ఉంటుంది.

అలా నడిచేటప్పుడు పాత వ్యవసాయ బావులు ఎక్కడున్నాయో కూడా గుర్తుపెట్టుకోండి. నీళ్ళు నిండాక మోకాలి లోతు అనుకుని దిగినవాడికి కాలి కింద బావి తగలవచ్చు. అందుకే రిజర్వాయర్‌లో గాలం వేసేవాడు నీళ్ళలోకి దిగకూడదు. చిక్కుకున్న గాలం కోసం కూడా దిగకూడదు. తెంపుకుని వదిలేయండి.

వేసవిలో చూడడం కుదరనివాళ్ళు సీసం గుండుతో నేల చదవొచ్చు. తంగూసు చివర ఉత్త సీసం కట్టి విసిరి, నీళ్ళు తాకినప్పటి నుంచి దారం వదులయ్యేదాకా మనసులో లెక్కపెట్టండి. తర్వాత మెల్లగా లాగండి. సీసం టకటక కొట్టుకుంటే రాళ్ళు. జారుతూ వస్తే గట్టి నేల. పట్టేసి చప్పున ఊడితే బురద. బరువుగా వచ్చి కొనకు నాచు తగులుకుంటే గడ్డి. గట్టి నేల మీది నుంచి బురదలోకి మారే చోటు దొరికిందంటే అక్కడే ఆగిపోండి.

ఇక గాలి. రెండు మూడు రోజులు ఒకే వైపు వీచిన గాలి, మేతను అలలతో పాటు ఎదురు ఒడ్డుకు నెడుతుంది. మొహానికి గాలి కొట్టే ఒడ్డున కూర్చోవడం కష్టమే, కానీ చేప అక్కడే ఉంటుంది. నీటిమట్టం పెరుగుతూ కొత్త గడ్డి మునుగుతున్న రోజులు మంచివి. వేగంగా తగ్గుతున్న రోజుల్లో చేప లోతుకు పోతుంది. రోజువారీ నీటిమట్టం పేపర్లో వస్తుంది, చూసి బయలుదేరండి. అక్టోబర్, నవంబర్, మళ్ళీ ఫిబ్రవరి, మార్చి నాకు నచ్చిన నెలలు. డిసెంబర్, జనవరిలో మాత్రం మంచు విడిచి ఎండ ఎక్కాక వెళ్ళినా సరిపోతుంది.

సామాను

పది నుంచి పన్నెండు అడుగుల రాడ్డు ఒకటి, దానికి 4000 లేక 5000 సైజు రీలు, 0.30 లేక 0.35 మిల్లీమీటర్ల తంగూసు. 40 నుంచి 60 గ్రాముల సీసం, 4 లేక 6 నంబరు గాలాలు కొన్ని, స్వివెళ్ళు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కొక్కేలు), రాడ్డు ఆనించడానికి పంగకర్ర, పిడి ఉన్న చేతివల, చిన్న శ్రావణం, కత్తెర. రాడ్డు కొనకు తగిలించే చిన్న గజ్జె. ఖరీదైన అలారాలు అక్కర్లేదు.

సీసాన్ని తంగూసుకు ముడివేసి బిగించవద్దు. దారం సీసం మధ్యలోంచి జారాలి, స్వివెల్ దగ్గర ఆగాలి. స్వివెల్ నుంచి జానెడు దారం, దాని చివర గాలం. రెండు లాభాలున్నాయి. చేప ఎర తీసుకున్నప్పుడు బరువు తెలియదు. దారం పైన ఎక్కడ తెగినా, తెగిన కొన సీసంలోంచి జారిపోతుంది కాబట్టి చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరగాల్సిన పని ఉండదు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి బిగిస్తే ఆ రాపిడికి తంగూసు వేడెక్కి బలం పోతుంది.

ముందురోజు రాత్రి మేత

కొల్లేరు వైపు చేపల చెరువుల్లో తవుడు, నూనె తీయగా మిగిలిన చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. నర్సరీల్లో చేప పిల్లలకు వేసేదీ వేరుశనగ చెక్క, తవుడే. వీటికి ఇంతకన్నా నచ్చే మేత వెతకనక్కర్లేదు.

కిలో వేరుశనగ చెక్కను ముక్కలు చేసి, మునిగేటన్ని నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నకు అది మెత్తగా, కాస్త పులిసిన వాసనతో ఉంటుంది. రెండు కిలోల మెత్తటి తవుడు, అరకిలో పుట్నాల పొడి, పావుకిలో బెల్లం తురుము వేరుగా మూటకట్టుకోండి. రెండు గుప్పెళ్ళ మక్కలు (మొక్కజొన్న గింజలు) ఉడికించి పెట్టుకోండి. కలపడం మాత్రం ఒడ్డునే, ఆ రిజర్వాయర్ నీళ్ళతోనే. ఇంట్లో కలిపి తీసుకుపోతే దారిలో గట్టిపడి రాయైపోతుంది.

గాలానికి పెట్టే ముద్ద వేరు. రెండు గ్లాసుల గోధుమపిండి, అర గ్లాసు శనగపిండి, చెంచాడు వేయించిన మెంతిపొడి, చెంచాడు సోంపు పొడి, కొంచెం బెల్లం నీళ్ళు. పూరీపిండి కన్నా గట్టిగా కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి మరుగుతున్న నీళ్ళలో వేయండి. ఉండలు పైకి తేలాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి తీసి, గోరువెచ్చగా ఉండగానే చేతికి రెండు నూనె చుక్కలు రాసుకుని బాగా పిసకండి. సాగే రబ్బరులా వస్తుంది. ఉడికించని పిండి నీళ్ళలో కాసేపటికే విడిపోతుంది, తిలాపియాలూ పరకలనే చిన్న చేపలూ పొడిచి పొడిచి తినేస్తాయి. ఉడికినది అరగంటైనా గాలాన్ని వదలదు. తడిబట్టలో చుట్టిపెట్టుకోండి. తిలాపియా మరీ ఎక్కువుంటే ఈ ముద్ద కూడా ఆగదు, అప్పుడు రెండు మక్క గింజలు గుచ్చండి. బంగారు తీగ మక్కను కాదనదు.

తెల్లవారాక

వెలుతురు రాకముందే ఒడ్డు చేరండి. ఆటో బండో దూరంగా ఆపి నడిచిరండి. ఒడ్డు మీద దబదబ అడుగులు వేస్తే నీళ్ళలోకి ఆ అదురు పోతుంది.

నానిన చెక్కలో తవుడు, పుట్నాల పొడి, బెల్లం వేసి కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విరగాలి. అదే పాకం. మరీ జిగురుగా అనిపిస్తే తవుడు, మరీ పొడిగా ఉంటే చిలకరింపుగా నీళ్ళు. నారింజకాయంత ముద్దలు పది, పన్నెండు చేసి, గుర్తుపెట్టుకున్న చోటే, ఒక మంచం పరిచినంత జాగాలోనే పడేటట్టు విసరండి. చేతితో అందే దూరమే మంచిది. ఇరవై అడుగుల అవతల మేత వేసి, గాలం వంద అడుగుల అవతలికి విసిరే కుర్రవాళ్ళను చూస్తుంటాను. చేపను పిలిచింది ఒకచోట, కాచుకున్నది ఇంకోచోట.

మేత వేసిన వెంటనే గాలం వేయకండి. అరగంట ఆగండి. టీ తాగండి. తర్వాత గోలీకాయంత ముద్ద గాలానికి, ముల్లు కొన బయటకు తేలీ తేలనట్టు పెట్టి, మేత మధ్యలోకి వేయండి. దారం బిగించి, మళ్ళీ కొంచెం వదిలి, రాడ్డును పంగకర్ర మీద ఆనించండి. డ్రాగ్‌ను, అంటే రీలులో దారం బిగువును సర్దే మరను, చేత్తో దారం లాగితే వచ్చేటంత వదులుగా పెట్టండి. బిగించి పెట్టి పక్కకు పోతే పెద్ద బంగారు తీగ రాడ్డునే నీళ్ళలోకి లాక్కుపోతుంది.

ఆ తర్వాత పని ఒక్కటే, కదలకుండా ఉండడం. అరగంటకోసారి ఎర మార్చండి, గంటకోసారి రెండే రెండు ముద్దల మేత వేయండి. ఎక్కువ వేస్తే చేప కడుపు నింపుకుని పోతుంది. రెండు గంటలు ఏమీ తగలకపోయినా చోటు మార్చవద్దు. మేత వాసనకు చేప మెల్లగా చేరుతుంది, మొదట పరకలు, తర్వాత వాటి అలికిడికి పెద్దవి. తొమ్మిదింటికి మొదలవుతుందని తెలియక ఎనిమిదిన్నరకే మూట సర్దేవాళ్ళున్నారు. మిట్టమధ్యాహ్నం మాత్రం ఆశ పెట్టుకోకండి. సద్ది విప్పి తిని, చెట్టు నీడన కాసేపు నడుం వాల్చండి. నాలుగు దాటాక మళ్ళీ నాలుగైదు ముద్దలు వేసి కూర్చోండి.

తగిలాక

గజ్జె టిక్కు టిక్కుమంటూ కొసరితే అది పరకల పని, వదిలేయండి. రవ్వు అయితే రెండు మూడు చిన్న లాగులు లాగి, ఆగి, తర్వాత ఒక్క గుంజు గుంజుతుంది. బంగారు తీగ ఎర తీసుకుని ఒడ్డువైపే వస్తే గజ్జె మోగదు, దారం ఒక్కసారిగా వాలిపోతుంది. దారం వాలిందంటే చేపే. రాడ్డు తీసి, వదులు చుట్టుకుని, గట్టిగా కాకుండా నిండుగా పైకి ఎత్తండి.

మొదటి పరుగును ఆపాలని చూడకండి. రాడ్డు ఏటవాలుగా పైకి పట్టుకుని దారం పోనివ్వండి, రీలు పాడుతుంటే చెయ్యి పెట్టకండి. ఆగినప్పుడు రాడ్డును మెల్లగా ఎత్తి, దించుతూ చుట్టుకోండి. చెట్ల మొదళ్ళ వైపు పోతుంటే రాడ్డును పక్కకు వాల్చి దిశ మార్చండి. ఒడ్డు చూడగానే ఇంకో పరుగు తీస్తుంది. చేపలు ఎక్కువగా పోయేది అక్కడే, తొందరలో డ్రాగ్ బిగించడం వల్ల. వలను ముందే నీళ్ళలో ముంచి ఉంచి, చేప పక్కకు ఒరిగాక వల మీదికి తీసుకురండి. వలను చేప మీదికి తోయవద్దు.

బంగారు తీగ వీపు రెక్కలో ముందున్న ముల్లుకు వెనకవైపు రంపంలా పళ్ళుంటాయి. వేలితో వెనక నుంచి ముందుకు నిమిరితే తెలుస్తుంది. అది వలలో చిక్కుకుంటుంది, తంగూసు దాని మీద రాసుకుంటే తెగుతుంది, అరచెయ్యీ కోస్తుంది. తడి గోనెసంచి మీద పడుకోబెట్టి, తడిచేతులతోనే పట్టుకుని, శ్రావణంతో గాలం తీయండి. కిలోలోపు చేపలనూ, కడుపు నిండా గుడ్లున్నవాటినీ వదిలేయండి. విసరకూడదు. నీళ్ళలో నిటారుగా పట్టుకుని, తనంతట తాను తోక ఆడించి పోయేదాకా ఉండాలి.

మబ్బు ఉరిమితే రాడ్డు కింద పెట్టి దూరం జరగండి, కార్బన్ రాడ్డు పిడుగును పిలుస్తుంది. కరెంటు తీగల కింద విసరకండి. డ్యామ్ గేట్ల దిగువన ఎంత చేప కనబడినా కూర్చోవద్దు, ఎప్పుడు నీళ్ళు వదులుతారో చెప్పలేం. తెగిన తంగూసు ముక్కలన్నీ జేబులో వేసుకుని తీసుకుపోండి, కొంగల కాళ్ళకు చుట్టుకునేది అదే.

ఇంటికి

ఉంచుకున్న చేపను సంచిలో గిలగిలా కొట్టుకోనివ్వకండి. తలపై ఒక్క దెబ్బ వేసి, మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, పైన ఐసు వేసి పెట్టండి. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది.

కోసేటప్పుడు కడుపులో పచ్చటి పిత్తాశయం చిట్లకుండా తీసి పారేయండి. చిట్లితే కూరంతా చేదు. అంతకన్నా ముఖ్యం, షుగరు తగ్గుతుందనో కళ్ళకు మంచిదనో దాన్ని పచ్చిగా మింగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రవ్వు, గడ్డిచేప లాంటి వాటి పిత్తం విషం, కిడ్నీలు పనిచేయకుండా పోతాయి. ఎవరు చెప్పినా మింగవద్దు, పక్కవాళ్ళనూ మింగనివ్వద్దు. కడుపు లోపలి నల్లటి పొరను కళ్ళుప్పుతో రుద్ది తీసేస్తే నీచువాసన సగం పోతుంది. మిగిలిన చెక్క, తవుడు మిశ్రమాన్ని గట్టున పారబోయకుండా ఇంటికి తెచ్చి ఎండబెట్టి డబ్బాలో పోసుకోండి, వచ్చే సెలవుకు పనికొస్తుంది.